తక్కువ ధరలో పాత ఫిలిం కెమెరా: కొనే ముందు చూడాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

పాత ఫిలిం కెమెరా కొందామనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం ఇంకోటుంది: మన చేతిలో ఉన్న ఈ కెమెరా ఇవాళ పనిచేస్తోందా? నలభై, యాభై ఏళ్ల కిందటి వస్తువు ఇది. తయారైన రోజున ఎంత గొప్పదైనా, ఇన్నేళ్లూ ఏ బీరువాలో, ఎంత చెమ్మలో, ఎవరి చేతిలో ఉందన్న దాన్ని బట్టే దాని విలువ. పెద్ద పేరున్న కెమెరాని పాడైన స్థితిలో కొనే కన్నా, అంతగా పేరు లేకపోయినా శుభ్రంగా పనిచేసేదాన్ని కొనడం వెయ్యి రెట్లు మేలు.

డబ్బు లెక్క

కెమెరా ఒక్కసారే కొంటాం. ఫిలిం మాత్రం కొంటూనే ఉంటాం. మన దగ్గర 36 ఫోటోల కలర్ రోలు ఇప్పుడు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉంది. కడిగించి, స్కాన్ చేయించడానికి మళ్లీ కొన్ని వందలు. అంతా కలిపి ఫోటోకి నలభై రూపాయల దాకా వేసుకోవాలి. అందుకే చేతిలో పదివేలు ఉంటే మొత్తం కెమెరా మీదే పెట్టేయకండి. సగం పక్కన పెట్టుకుంటే మూడు రోళ్లు పూర్తి చేయొచ్చు. కెమెరా చేతికి అలవాటు కావాలంటే ఆ మాత్రం ఫోటోలు తీయాల్సిందే.

ఏ రకం కెమెరా

మొదటి కెమెరాగా నేను గట్టిగా చెప్పేది మెకానికల్ ఎస్ఎల్ఆర్. ఎస్ఎల్ఆర్ అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో (వ్యూఫైండర్) లెన్స్ గుండానే బొమ్మ కనిపించే కెమెరా. మెకానికల్ అంటే బ్యాటరీ లేకపోయినా షట్టర్ (ఫిలిం మీద వెలుతురు పడనిచ్చే తలుపు) పనిచేసేది. వీటిలో పెంటాక్స్ కె1000 నాకు బాగా ఇష్టం. 1976లో వచ్చి 1997 దాకా తయారైంది. అమెరికాలో ఫోటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులు ఏళ్ల తరబడి వాడిన కెమెరా ఇదే కాబట్టి అక్కడ ఇప్పటికీ బాగా దొరుకుతుంది. షట్టర్ వేగం ఒక సెకను నుంచి 1/1000 దాకా. లోపల కాంతిని కొలిచే మీటర్, దానికో ముల్లు. ఇంతే. సెల్ఫ్ టైమర్ కూడా లేదు. పాడయ్యే భాగాలు తక్కువ, నేర్చుకునే వాడికి తికమక తక్కువ.

అది దొరక్కపోతే యాషికా ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎమ్10, సోవియట్ యూనియన్‌లో తయారైన జెనిత్ కూడా చూడొచ్చు. జెనిత్ బరువు ఎక్కువ, చాలా మోడళ్లలో షట్టర్ వేగం 1/500 దాటదు. కానీ దానితో వచ్చే హెలియోస్ 58 మి.మీ. లెన్స్ కోసమే కొనేవాళ్లున్నారు. కెనాన్ ఏఈ-1 అందంగా ఉంటుంది, పేరూ ఉంది. అయితే బ్యాటరీ లేకపోతే అది కదలదు. పైగా పేరు వల్లే ధర పెరిగిపోయింది.

సెట్టింగుల టెన్షన్ వద్దనుకునే వాళ్లకు ఒలింపస్ ట్రిప్ 35 సరిపోతుంది. 1960ల చివర్లో వచ్చిన కెమెరా ఇది. లెన్స్ చుట్టూ గాజు బుడిపెలుగా కనిపించే సెలీనియం సెల్‌తో వెలుతురు కొలుచుకుంటుంది, బ్యాటరీ అక్కర్లేదు. వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా లేస్తుంది, బటన్ నొక్కుకోదు. కొనేటప్పుడు లెన్స్‌ను చేత్తో మూసి బటన్ నొక్కండి. ఎర్ర జెండా రావాలి. రాకపోతే ఆ కెమెరాను వదిలేయండి.

కొనే ముందు మీ ఇంట్లో ఒకసారి వెతకండి. 1980లు, 90లలో పెళ్లిళ్లకీ, తిరుపతి ప్రయాణాలకీ తీసుకెళ్లిన యాషికా ఎంఎఫ్-2 లాంటి చిన్న కెమెరా ఏ అత్తయ్య బీరువాలోనో ఉండే ఉంటుంది. ఫోకస్ మార్చే పని లేనిది, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. అది పనిచేస్తోందంటే మీ ఖర్చంతా ఫిలిం మీదే పెట్టొచ్చు. తాతయ్యల కాలం నాటి ఆగ్ఫా క్లిక్ దొరికితే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. అందులో పట్టేది 120 సైజు రోలు, రోలుకి 12 ఫోటోలే. అలాగే 110, 126, ఏపీఎస్ కార్ట్రిడ్జ్ కెమెరాల జోలికి పోవద్దు. వాటికి ఫిలిం దొరకడం కష్టం. 35 మి.మీ. రోలు పట్టే కెమెరా అయితే చాలు.

ఎక్కడ కొనాలి

హైదరాబాద్‌లో అయితే జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట్ల పాత కెమెరాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అక్కడ ధర చవక, హామీ ఉండదు. అమ్మే అతనికి కెమెరా గురించి తెలిసి ఉండాలని లేదు. "భయ్యా, వెనక మూత తీసి చూస్తా" అని ముందే చెప్పి, నెమ్మదిగా చూడండి. చూడనివ్వకపోతే అక్కడే కింద పెట్టేయండి.

పాత స్టూడియోలు ఇంకా మంచి చోటు. ఫిలిం రోజుల్లో పనిచేసిన స్టూడియో ఆయన వాడిన కెమెరా పైకి అరిగిపోయి ఉన్నా, లోపల సర్వీసింగ్ జరిగి ఉంటుంది. వాడకంలో ఉన్న కెమెరా, ముప్పై ఏళ్లు డబ్బాలో పడుకున్న కెమెరా కంటే నమ్మదగింది. మీ ఊళ్లో అలాంటి స్టూడియో ఉంటే వెళ్లి కూర్చుని మాట్లాడండి. కెమెరా దొరక్కపోయినా, దాన్ని పట్టుకునే పద్ధతి ఆయన చేతుల్లో చూడొచ్చు.

ఆన్‌లైన్‌లో కొంటే "అన్‌టెస్టెడ్", "యాజ్ ఈజ్" అన్న మాటలు కనిపించిన చోట పాడైపోయిందనే అనుకోండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా కలుపుకుని లెక్క వేయాలి. వెనక్కి తీసుకుంటామని రాసి ఉన్న దగ్గరే కొనండి. సరుకు రాగానే ఆ గడువు లోపలే కింద చెప్పిన పరీక్షలన్నీ చేయండి.

చేతిలోకి తీసుకున్నాక

ఒక చిన్న టార్చ్, రెండు కొత్త బటన్ బ్యాటరీలు, ఒక రూపాయి బిళ్ల జేబులో పెట్టుకెళ్లండి.

మొదట బ్యాటరీ గది. రూపాయి బిళ్లతో కింద ఉన్న మూత తిప్పి తీయండి. లోపల పచ్చగానో, తెల్ల పొడిలానో చిలుము కనిపిస్తే ధర తగ్గించమనండి. పైపైన ఉంటే వెనిగర్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిస్తే పోతుంది. వైర్ల దాకా పాకి ఉంటే మీటర్ మీద ఆశ వదులుకోవాలి.

తర్వాత లెన్స్. కెమెరా నుంచి ఊడదీసి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చ్ వేస్తూ రెండో వైపు నుంచి చూడండి. దుమ్ము రేణువులు ఉంటే పర్వాలేదు, అవి ఫోటోలో కనిపించవు. పైన సన్నటి గీత ఒకటీ అరా ఉన్నా పర్వాలేదు. చూడాల్సింది బూజు. గాజు లోపల సన్నటి దారాలు ఒక చోట మొదలై కొమ్మలు కొమ్మలుగా పాకి ఉంటాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉక్కపోతలో దాచిన లెన్సుల్లో ఇది మామూలే. అంచున కాస్త ఉంటే వాడుకోవచ్చు. మధ్యలో ఉంటే, లేదా టార్చ్ వెలుగులో గాజంతా పొగ పట్టినట్టు మసకగా కనిపిస్తే వద్దు. ఆ మసక వల్ల ఎండకు ఎదురుగా తీసిన ప్రతి ఫోటో వెలిసిపోయినట్టు వస్తుంది. అపర్చర్ రింగ్ తిప్పుతూ లోపలి రేకులు చటుక్కున కదులుతున్నాయో లేదో, వాటి మీద నూనె మెరుస్తోందో కూడా చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష, షట్టర్. వెనక మూత తెరిచి, లెన్స్ తీసేసి, కెమెరాను కిటికీ వెలుతురు వైపు పట్టుకోండి. ఫిలింని ముందుకు జరిపే లివర్ తిప్పి, షట్టర్ వేగం ఒక సెకను దగ్గర పెట్టి నొక్కండి. "ఒకటి" అని మనసులో నిదానంగా అనుకునేంత సేపు తెరుచుకుని మూసుకోవాలి. మధ్యలో ఆగిపోయినా, మూడు సెకన్లు పట్టినా లోపల గ్రీజు గట్టిపడిందని అర్థం. ఏళ్ల తరబడి వాడని కెమెరాల్లో మొదట మొరాయించేవి ఈ నెమ్మది వేగాలే. తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి వీడియో తీయండి. ఫోన్ సెకనుకి 240 ఫ్రేములు తీస్తే, 1/30 దగ్గర షట్టర్ దాదాపు 8 ఫ్రేముల పాటు, 1/60 దగ్గర 4 ఫ్రేముల పాటు తెరిచి కనిపించాలి. ఒక ఫ్రేము అటూ ఇటైనా ఫర్వాలేదు. అంతకు మించిన వేగాలను ఈ పద్ధతిలో కొలవలేం. 1/1000 దగ్గర మాత్రం కంటితోనే ఒకటి చూడొచ్చు: నొక్కినప్పుడు కిటికీ వెలుతురు తళుక్కున మొత్తం చట్రంలో కనిపించాలి. ఒక పక్క నల్లగా ఉండిపోతే కర్టెన్లు (షట్టర్‌లోని తెరలు) సరిగా పరుగెత్తడం లేదు.

గుడ్డ కర్టెన్లున్న కెమెరా అయితే, చీకటి మూల చూసి, ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి కర్టెన్‌ను చూడండి. సూదిమొన అంత రంధ్రం ఉన్నా చుక్కలా వెలుగుతుంది.

వెనక మూత అంచుల్లో నల్లటి నురుగు పట్టీలుంటాయి. వెలుతురు లోపలికి రాకుండా ఆపేవి అవే. వేలితో తాకితే మెత్తగా నొక్కుకుని పైకి లేవాలి. చాలా పాత కెమెరాల్లో అవి కరిగి, వేలికి నల్లగా జిగురులా అంటుకుంటాయి. దీనికి భయపడి కెమెరా వదులుకోకండి, బేరానికి మాత్రం వాడుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత జిగురు గీకి తీసి, సన్నగా కత్తిరించిన నల్ల ఫోమ్ అతికించడం ఒక మధ్యాహ్నపు పని. ఫోమ్ దొరకనప్పుడు గాడిలో నల్ల ఉన్ని దారం పరిచినా పనిచేస్తుంది.

చివరగా మీటర్. బ్యాటరీ వేసి, లెన్స్ పెట్టి, వ్యూఫైండర్‌లో చూడండి. కె1000లో కుడి పక్కన ముల్లు ఉంటుంది. వెలుతురు వైపు తిప్పితే పైకి, నీడ వైపు తిప్పితే కిందికి కదలాలి. ఫోన్‌లో ఉచిత లైట్ మీటర్ యాప్ వేసుకుని అదే గోడ వైపు పెట్టి పోల్చండి. ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు లేదా సగం) లోపల తేడా ఉంటే బాగున్నట్టే. మీటర్ చచ్చిపోయి మిగతావన్నీ బాగుంటే, సగం ధరకిస్తే తీసుకోండి. ఫోన్ ఉండగా మీటర్ లేని కెమెరాతో ఇబ్బందేమీ లేదు.

బ్యాటరీ విషయం

కె1000కి ఒక్క ఎల్ఆర్44 బటన్ బ్యాటరీ చాలు. అదే సైజులో ఎస్ఆర్44 అని సిల్వర్ ఆక్సైడ్‌ది దొరికితే అదే కొనండి, చివరి దాకా వోల్టేజీ నిలకడగా ఉంటుంది. ఈ కెమెరాకి మీటర్ ఆపే స్విచ్ లేదు. వాడనప్పుడు లెన్స్‌కి మూత పెట్టడమే ఆపడం.

1960లు, 70ల నాటి కొన్ని కెమెరాలు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలతో నడిచేవి. వాటి తయారీ ఇప్పుడు లేదు. ఆ స్థానంలో 1.5 వోల్టులది వేస్తే మీటర్ లెక్క తప్పుతుంది. దీనికి మన ఊళ్లోనే మందుంది. వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది. కాస్త చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టాలి. స్టిక్కర్ ఊడదీసిన కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో అయిపోతుంది.

మొదటి రోలు

మొదటి రోలుకి కొడాక్ గోల్డ్ 200 లేదా కలర్‌ప్లస్ 200 తీసుకోండి. 200 అన్నది ఐఎస్ఓ, అంటే ఫిలిం వెలుతురుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె. మన ఎండకి 200 సరిగ్గా సరిపోతుంది. నలుపు-తెలుపు కావాలంటే ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కాస్త చవకలో కెంట్‌మియర్ 400. గడువు దాటిన ఫిలింతో మొదలుపెట్టకండి. ఫోటో పాడైతే తప్పు కెమెరాదా, ఫిలిందా తేలదు. కెమెరాతో పాటు ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' రోలు దొరికితే అపురూపంగా దాచుకోండి, పరీక్షకు మాత్రం వాడొద్దు.

ఫిలింని ఫ్రిజ్‌లో ఉంచండి. వాడే ముందు బయట పెట్టి, గది వేడికి వచ్చాకే డబ్బా మూత తీయండి. లేకపోతే చెమ్మ పడుతుంది. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ వదలొద్దు.

లోడ్ చేయడం నీడలో చేయండి. ఎడమ పక్క రీవైండ్ గుబ్బను పైకి లాగితే వెనక మూత తెరుచుకుంటుంది. రోలును ఎడమ గదిలో పెట్టి, గుబ్బను కిందికి నొక్కండి. ఫిలిం నాలుకను కుడివైపు లాగి, చుట్టుకునే రాట్నం చీలికలో దూర్చండి. లివర్ నెమ్మదిగా తిప్పుతూ చూడండి: ఫిలింకి పైనా కిందా ఉన్న రంధ్రాలు రెండూ పళ్ల చక్రాలకు పట్టుకోవాలి. పట్టుకున్నాకే మూత వేయండి. రీవైండ్ గుబ్బ మీది చిన్న పిడి విప్పి, బాణం గుర్తు వైపు తిప్పి, వదులు పోయే దాకా బిగించండి. ఇప్పుడు రెండు సార్లు ఉత్తినే తీసి తిప్పండి. తిప్పినప్పుడల్లా ఎడమ పక్క గుబ్బ కూడా తిరగాలి. అది తిరిగితేనే లోపల ఫిలిం కదులుతున్నట్టు. కొత్తవాళ్ల రోళ్లు ఖాళీగా వచ్చేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి మొదటి ఐదారు ఫోటోల దాకా ఆ గుబ్బ మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఐఎస్ఓ పెట్టడం మరవకండి. కె1000లో షట్టర్ డయల్ అంచును పైకెత్తి తిప్పితే చిన్న కిటికీలో ఏఎస్ఏ (ఐఎస్ఓకి పాత పేరు) అని అంకె మారుతుంది. రోలు మీద 200 ఉంటే అక్కడా 200.

వెలుతురు లెక్క

మీటర్ ఉన్నా ఒక లెక్క నోటికి రావాలి. ఎర్రటి ఎండలో అపర్చర్ ఎఫ్/16 దగ్గర (అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నది) పెట్టి, షట్టర్‌ని ఐఎస్ఓకి దగ్గర అంకె మీద పెట్టండి. 200 ఫిలిం అయితే 1/250. పల్చటి మబ్బు పడితే ఎఫ్/11, మబ్బు బాగా కమ్మితే ఎఫ్/8, ఇంకా ముసురుగా ఉంటే ఎఫ్/5.6, ఎండ రోజున వరండా నీడలో ఎఫ్/4. ఈ లెక్కతో ఒక రోలంతా తీయొచ్చు. మీటర్ అబద్ధం చెప్పినా వెంటనే పట్టుకోగలరు.

కలర్ నెగెటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతే తట్టుకోదు. నీడలు బురద రంగులో, గరుకుగా వస్తాయి. అనుమానం వస్తే ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వండి. మనిషి వెనక ఎండ ఉన్నప్పుడు ముల్లు మోసపోతుంది. దగ్గరికి నడిచి, వ్యూఫైండర్ నిండా ముఖం వచ్చేలా పట్టి, ముల్లు మధ్యకు తెచ్చుకుని, వెనక్కి వచ్చి తీయండి. 50 మి.మీ. లెన్స్‌తో చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 1/60 కంటే కిందికి దిగొద్దు.

కె1000లో ఫోకస్ అంటే, మధ్యలోని చిన్న వలయం మెరమెరలాడటం ఆగి బొమ్మ కుదురుగా కనిపించే దాకా రింగ్ తిప్పడం. కంటి దగ్గర ఫోకస్ చేయండి.

రోలు అయ్యాక

లివర్ బిగుసుకుపోతే బలం పెట్టొద్దు, ఫిలిం తెగుతుంది. కెమెరా కింద ఉన్న చిన్న బటన్ నొక్కి, రీవైండ్ పిడిని బాణం వైపు తిప్పండి. చివర్లో కాస్త గట్టిగా లాగినట్టై, ఒక్కసారిగా వదులవుతుంది. ఇంకో రెండు చుట్లు తిప్పాకే మూత తీయండి.

కడిగించడానికి ఇప్పుడు ఊరి స్టూడియోలు పనికిరావు. కలర్ రోళ్లు కడిగే ల్యాబులు పెద్ద నగరాల్లో ఉన్నాయి, కొరియర్‌లో పంపితే స్కాన్లు మెయిల్‌లో వస్తాయి. నెగెటివ్‌లు కూడా వెనక్కి పంపమని ముందే రాయండి. విమానంలో వెళ్లేటప్పుడు ఫిలింని చెక్-ఇన్ సామానులో పెట్టొద్దు, అక్కడి ఎక్స్-రే గట్టిది. చేతి సంచిలో పెట్టుకుని, కొత్త సీటీ స్కానర్లు ఉన్న చోట చేత్తో చూడమని అడగండి. అమెరికా నుంచి తమ్ముడి చేత ఫిలిం తెప్పించుకునే వాళ్లు ఈ మాట అతనికీ చెప్పండి.

నలుపు-తెలుపు మాత్రం ఇంట్లోనే కడుక్కోండి. డార్క్‌రూమ్ అవసరం లేదు, చీకట్లో ఫిలింని వెలుతురు చొరని ట్యాంకులోకి ఎక్కించడం వస్తే చాలు. హెచ్‌పీ5ని నీళ్లు కలపని డీ-76 డెవలపర్‌లో (ఫిలిం మీద బొమ్మ తేల్చే రసాయనం) 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు ఉంచాలి. మన వేసవిలో కుళాయి నీళ్లే 30 డిగ్రీలు దాటతాయి. అందుకని డెవలపర్ సీసాను ఐసు వేసిన బకెట్లో నిలబెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ మొదలుపెట్టాలి.

నెగెటివ్ చెప్పే సంగతులు

మొదటి రోలు చేతికి రాగానే స్కాన్ల కంటే ముందు నెగెటివ్‌ను వెలుతురుకి పట్టి చూడండి. అంచున అంకెలు కనిపిస్తూ, బొమ్మలు ఒక్కటీ లేకపోతే ఫిలిం కదలలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలు కూడా లేకపోతే తప్పు కడగడంలో జరిగింది. స్కాన్లో ఎర్రగా, నారింజ రంగులో చారలు వస్తే నురుగు పట్టీలు మార్చాలి. ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే వైండింగ్‌లో లోపం. ఎక్కువ వేగంతో తీసిన వాటిలోనే స్కాన్లో ఒక పక్క నల్లబడితే కర్టెన్ల పని. రిపేరుకి తీసుకెళ్లేటప్పుడు కెమెరాతో పాటు ఆ నెగెటివ్ కూడా మెకానిక్ చేతిలో పెట్టండి. ఏ ఫోటో ఏ వేగంతో తీశారో ఒక కాగితం మీద రాసుకుని ఉంటే, అతను కెమెరా విప్పకముందే సగం సంగతి తెలిసిపోతుంది.